గ్రామఫోను మోటారులు: శ్రుతిశుద్ధి

గ్రామఫోను పాట బాగుగా వినబడనిచో జనులు మొదట ముల్లును నిందింతురు, పిదప ప్లేటును నిందింతురు. పెట్టెలో కనబడక దాగియుండు మోటారును తలచువారు మిక్కిలి యరుదు. ముల్లును ప్లేటును ధ్వనికి ముఖ్యములే. కాని పాటయొక్క శ్రుతియు, కాలమును మోటారు చేతిలోనే యున్నవి. మా విద్యార్థులలో గొందఱు తమ యిండ్లలో తాతలనాటి ప్లేట్లు గలవనియు, వానిని వినుటకు బెల్టు యంత్రము కొనవలెనా, డైరెక్టు డ్రైవు యంత్రము కొనవలెనా యనియు మమ్మడుగుచున్నారు. తల్లిదండ్రులకును ఈ సంగతి యుపయోగపడునని తలచి, మేమెఱిగినంత మేరకు దీనిని వివరింప బూనితిమి.

ప్లేటుమీది గాడి యొక పొడవైన సన్నని దారివంటిది. గాయకుని కంఠధ్వని యందు చిన్నచిన్న వంకరలుగా చెక్కబడి యుండును. ముల్లు ఒక సెకనులో నెన్ని వంకరలను దాటునో యన్ని కంపనములు గాలిలో బుట్టును. కంపనముల సంఖ్య హెచ్చిన శ్రుతి హెచ్చును, తగ్గిన శ్రుతి తగ్గును. హార్మోనియములో నొక మెట్టునుండి దాని ప్రక్కనున్న మెట్టునకు బోవుటకు కంపనములు నూటికి సుమారు 6 చొప్పున పెరుగవలెను. ఈ లెక్కను బట్టి నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన ప్లేటు 74 చుట్లే తిరిగినచో, పాట దాదాపు అరశ్రుతి క్రిందికి దిగును. 82 చుట్లు తిరిగినచో దాదాపు అరశ్రుతి పైకెక్కును. నాలుగున్నర శ్రుతిలో బాడిన గాయకుడు ఐదు శ్రుతిలో బాడినట్లు వినబడును. అంతటితో నాగక కంఠస్వరమే మాఱును. గంభీరమైన గొంతు పలుచనగును. పురుషుడు బాలుడువలె బాడును.

ఇది యొక దోషము. వేగము తప్పైనను నిలుకడగా నున్నప్పు డీ దోషము సంభవించును. రెండవది యింతకంటె చెడ్డది: వేగము నిలుకడగా లేక హెచ్చుచు తగ్గుచు నుండుట. మెల్లగా నూగినచో దానిని వావ్ అందురు, త్వరత్వరగా వణకినచో ఫ్లటర్ అందురు. మూడవది మోటారుయొక్క కదలిక పళ్లెముద్వారా ముల్లునకు ప్రాకి, పాట వెనుక గురగురమను చప్పుడుగా వినబడుట. దీనికి రంబుల్ అని పేరు. మోటారులలోని భేదములన్నియు ఈ మూడు దోషములలో దేనిని తగ్గించినవి, దేనిని హెచ్చించినవి యను ప్రశ్నకే వచ్చి చేరును.

మన సంగీతమునకు రెండవ దోషము మిక్కిలి హానికరము. ఏలయన మన తంబురా నాదమొక్కటే శ్రుతిని బట్టుకొని కదలక నిలుచును. అది యిసుమంత యూగినను చెవి గనిపెట్టును. రంగస్థల పద్యము పాడువారు పాదము చివర స్వరమును దీర్ఘముగా నిలుపుదురు గదా, అచ్చటను అంతే. వయొలిను కమానులో ద్వారము వేంకటస్వామినాయుడుగారు నిలిపిన నాదమును పాడుపడిన మోటారుపై వినినచో, ఆయన వేయని గమకమును యంత్రమే వేయును. తెలియనివారు దానిని గమకమనియే భ్రమపడుదురు! గమకములేని పాశ్చాత్య సంగీతమునం దీ దోషము వెంటనే పట్టుబడును. మన సంగీతములో గమకముల చాటున దాగుకొనును. కావున మనవా రింకను జాగరూకులై యుండవలెను.

ఇక మోటారుల చరిత్రకు వత్తము. ఎమిలి బెర్లినర్ 1887లో చదునైన ప్లేటుగల గ్రామఫోనునకు పేటెంటు పొందెను. మొదటి యంత్రములను చేతితో త్రిప్పవలసి యుండెను. ఎంత ఓర్పుగలవాడైనను మూడు నిమిషములపాటు చేతిని సమవేగమున ద్రిప్పజాలడు. అందుచే పాట యొకచో పరుగెత్తును, ఒకచో కుంటును. అమెరికాలో కామ్డెన్ పట్టణమున యంత్రశాల గల ఎల్డ్రిడ్జి జాన్సన్ 1896లో బెర్లినర్ యంత్రమునకు తగిన స్ప్రింగు మోటారు నమర్చెను. గ్రామఫోను ఆటవస్తువు స్థితినుండి సంగీతసాధనమగుటకు ఈ స్ప్రింగు మోటారే ముఖ్యకారణమని మా యభిప్రాయము. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను పట్టెను. అటుపిమ్మట మన దేశములోని విద్యుచ్ఛక్తిలేని గ్రామములకు కూడ గ్రామఫోను చేరగలిగిన దన్న, అది స్ప్రింగు చలవయే. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములు ఊరూర మ్రోగినది ఈ కీ యిచ్చు పెట్టెలనుండియే. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 102 సంఖ్యగల చేతిపెట్టె 1931లో వెలువడెను. అట్టివి నేటికిని పనిచేయుచు గనబడుచున్నవి.

స్ప్రింగు పనితీరు మన ఊరి పిల్లలకు తెలియజెప్పుట సులభము. ఇబ్రహీంపట్నము పెద్ద చెఱువు నిండియున్నప్పుడు తూమునుండి నీరు ఉఱుకును. నీటిమట్టము తగ్గినకొలది తూముధార మందగించును. కీ నిండుగా నిచ్చిన స్ప్రింగు నిండుచెఱువు. అది విడిపోయినకొలది బలము తగ్గును. దానిని నేరుగా పళ్లెమునకు దగిలించినచో పాట మొదట పరుగెత్తి చివర ఈడ్చును. తూమువద్ద నీరటికాడు తలుపు నెత్తుచు దించుచు నీటిని సరిచూచునట్లు, ఇచ్చట నా పని చేయునది గవర్నరు.

గవర్నరు చిన్నదైనను బహు చక్కని యుపాయము. ఒక సన్నని యిరుసు చుట్టును మూడు సీసపు గుండ్లు పలుచని స్ప్రింగురేకులకు బిగింపబడి యుండును. పళ్లెము ఒకసారి తిరుగునప్పటికి ఈ యిరుసు అనేకసారులు తిరుగును. వేగము హెచ్చగానే గుండ్లు వెలుపలికి విచ్చుకొనును. అవి విచ్చుకొనిన, వానితో గూడిన యొక చిన్న బిళ్ల ప్రక్కకు జరిగి యొక ఫెల్టుముక్కను రాచుకొనును. రాపిడిచే వేగము తగ్గును, తగ్గగానే గుండ్లు లోపలికి వచ్చును, రాపిడి విడిపోవును. వేగమును సవరించు మీట ఆ ఫెల్టుముక్కను ముందునకో వెనుకకో జరుపుటతప్ప వేరేమియు చేయదు. అనగా స్ప్రింగులోని మిగులుబలమును రాపిడిలో ఖర్చుపెట్టి వేగమును నిలుపుట యన్నమాట. బలము మిగిలియున్నంతవఱకే ఈ యుపాయము సాగును. మూడు నిమిషముల ప్లేటునకు 234 చుట్లు కావలెను. ఆ చివరి చుట్టువఱకు కొంత మిగులుబలముండునట్లు ప్రతి ప్లేటునకు కీ యిచ్చుట యీ కారణముచేతనే పెద్దలు నియమముగా నుంచుకొనిరి.

ఈ యంత్రములలో నేడు వినబడు దోషములు చాలవఱకు మోటారు జాతివి కావు, పోషణ లేమిచే గలిగినవి. ఫెల్టుముక్క యెండి గట్టిపడిన, నూనె లేనిచో, అది సమముగా రాయక కీచుమని పట్టి విడుచును, పాట వణకును. స్ప్రింగు డబ్బాలోని గ్రీజు ఏండ్లు గడిచి జిగురైనచో చుట్లు ఒకదానికొకటి యంటుకొని, తటాలున విడిపోవుచు ధబ్బుమను చప్పుడు చేయును. ఆ క్షణమున పాటయు గతుక్కుమనును. గవర్నరు గుండ్లలో నొకదాని రేకు విఱిగినను వణుకు తప్పదు. డబ్బాను మాత్రము పిల్లలు విప్పరాదు. చుట్టబడిన స్ప్రింగు వెలుపలికి దుమికిన చేతులను చీల్చును. అది తెలిసిన పనివాని పని.

ప్లేట్లను పట్టునప్పుడు, అనగా మైనపుపలకపై పాటను చెక్కునప్పుడు, చాలకాలము కంపెనీలవారు స్ప్రింగును గాని, విద్యుచ్ఛక్తిని గాని నమ్మలేదు. ఎత్తునుండి వ్రేలాడదీసిన యొక బరువు మెల్లగా దిగుచు యంత్రమును ద్రిప్పుచుండెడిది. బరువు పైననున్నను, దిగువనున్నను దాని లాగుడు ఒక్కటియే. చెఱువువలె తగ్గునది కాదు. ఆ లాగుడుపై గవర్నరు నుంచిన వేగము మిక్కిలి నిలుకడగా నుండును. అయితే నిలుకడ వేఱు, సరియైన సంఖ్య వేఱు. పూర్వపు ప్లేట్లన్నియు 78 చుట్లకే పట్టబడినవి కావు. కొన్ని అంతకు దక్కువగను, కొన్ని హెచ్చుగను పట్టబడినవి. ఈ సంగతి నెఱుగక నేడు కంప్యూటరులలోని కెక్కించి ఫోనులలో పంచుకొనుచున్న పాతపాటలలో కొన్ని శ్రుతి తప్పి వినబడుచున్నవి. పద్యము పాడిన మహానుభావుడు పరమపదించి దశాబ్దములైనది. ఆయన కంఠమును తర్వాతితరమువా రెఱుగుట ఈ ప్లేటువలననే గదా. దానిని తప్పువేగమున నెక్కించి పంచుట, ఆయన ఫోటోను సాగదీసి గోడకు దగిలించుట వంటిదే. హార్మోనియము దగ్గఱ నుంచుకొని, ఆ ప్లేటులోని వాద్యముల శ్రుతితో సరిచూచి వేగమును సవరించుట యీ పని చేయువారి కనీసధర్మము.

విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట మోటారులు ముఖ్యముగా మూడువిధము లాయెను. మొదటిది ఇండక్షన్ మోటారు. మన దేశపు కరెంటు సెకనునకు 50 సారులు దిశ మార్చుకొని తిరిగివచ్చును. నాలుగు ధ్రువములుగల మోటారులో దీనివలన నిమిషమునకు 1500 చుట్లు తిరుగు నయస్కాంతక్షేత్రము పుట్టును. మోటారు దానివెంట పరుగెత్తును గాని యెన్నడును దానిని పూర్తిగ నందుకొనదు. కొంచెము వెనుకబడియే యుండును. ఎంత వెనుకబడుననునది వోల్టేజిపైనను, భారముపైనను ఆధారపడును. వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గినచో మోటారు బలము నూటికి 19 వంతులు తగ్గును, ఏలయన బలము వోల్టేజి వర్గమును బట్టి మాఱును. (పదవ తరగతివారు 0.9 ను 0.9 చే గుణించి చూచుకొందురుగాక.) పొలములలోని పంపుసెట్లు ఒక్కపెట్టున నడువ నారంభించినప్పుడు ఇంటి దీపములు మసకబారుట మనమెఱిగినదే. ఆ క్షణమున చవుక రకపు ఇండక్షన్ మోటారుపై పాడుచున్న పాటయు నించుక క్రుంగును.

రెండవది సింక్రొనస్ మోటారు. ఇది అయస్కాంతక్షేత్రముతో చేయి చేయి పట్టుకొని నడచును. వోల్టేజి కొంత తగ్గినను అడుగు తప్పదు. 50 సారుల లెక్క తప్పనంతవఱకు దాని వేగము తప్పదు. ఎడ్గార్ విల్చర్ రూపొందించి 1961లో అకౌస్టిక్ రీసెర్చి వారు వెలువరించిన యంత్రములో నిట్టి మోటారే యున్నది. మూడవది బ్యాటరీతో గాని, ఏకముఖమైన కరెంటుతో గాని నడచు డి.సి. మోటారు. చవుక పెట్టెలలో దీని వేగమును నిలుపుటకు మోటారులోపలనే చిన్న గవర్నరుండి, వేగము హెచ్చినప్పుడెల్ల కరెంటును త్రుంచుచు కలుపుచు నుండును. ఈ త్రుంచుట కలుపుటలవలన సన్నని వణుకు తప్పదు. మంచి యంత్రములలో ఆ పనిని ఎలక్ట్రానిక్ సాధనములు చేయును, అప్పుడు డి.సి. మోటారు దేనికిని తీసిపోదు.

మోటారు జాతి తెలిసినంతమాత్రమున చాలదు. అది పళ్లెమును త్రిప్పు మార్గము నింకను ముఖ్యము. నిమిషమునకు 1400 చుట్లు తిరుగు మోటారుతో 78 చుట్ల పళ్లెమును, లేదా 1948లో కొలంబియావారు ప్రవేశపెట్టిన 33⅓ చుట్ల లాంగ్‌ప్లేను ఎట్లు త్రిప్పవలెను? ఒక మార్గమున మోటారు ఇరుసునకు, పళ్లెపు అంచునకు నడుమ నొక రబ్బరుచక్రము నుంతురు. ఇంగ్లండులో స్విండన్ పట్టణపు గారార్డువారు పూర్వము స్ప్రింగు మోటారులను జేసినవారే. వారి 301 యను ప్రసిద్ధయంత్రము 1954లో వెలువడినది, అం దీ రబ్బరుచక్రమే యున్నది. దీని గుణము బలము: మీట వేసిన తోడనే పళ్లెము వేగమందుకొనును, ముల్లు భారమునకు లొంగదు. ఒక పాట ముగిసినతోడనే మఱియొక పాటను ఎత్తుకొనవలసిన రేడియో స్టేషనులకు ఈ గుణము ప్రాణము. దీని దోషము రంబుల్. మోటారు కదలిక రబ్బరుమీదుగా పళ్లెమునకు చేరును. ఆ చక్రమును పళ్లెమునకు ఒత్తియే యుంచి నెలల తరబడి యంత్రమును మూలబెట్టినచో రబ్బరుపై చదునుమచ్చ పడి, తిరిగినప్పుడెల్ల టకటకమనును. వాడనప్పుడు మీటను విడిచి యుంచవలె ననుట అందులకే.

రెండవ మార్గము బెల్టు. బియ్యపు మరలో నింజనునుండి యంత్రమునకు బెల్టు పోవుట చూచినవారికి దీనిని వేఱుగ చెప్పబనిలేదు. ఇచ్చటి బెల్టు మాత్రము సన్నని మెత్తని రబ్బరుది. మోటారు కదలికను రబ్బరు తనలో నిముడ్చుకొనును, పళ్లెమువఱకు పోనీయదు. బెల్టు మార్గమున పళ్లెమును బరువైనదిగా జేయుట వాడుక, ఏలయన బరువైన పళ్లెము తనంతట తానే వేగమును నిలుపుకొనును. కుమ్మరిసారెను చూడుడు: కుమ్మరి కఱ్ఱతో గిరగిర త్రిప్పి విడిచిన పిమ్మట కుండ తీయునంతసేపు అది నిలుకడగా దిరుగును. బరువు నడుమ నున్నదానికంటె అంచున నున్నచో ఈ గుణము మిక్కుటముగా నుండును; దూరము రెట్టింపైన ఫలము నాలుగింతలగును. బెల్టు దోషములు రెండు: వేగమందుకొనుటకు కొంత సేపు పట్టును; ఏండ్లు గడిచిన బెల్టు సాగి జారును, అప్పుడు పాట ఈడ్చును. మన యెండలకు రబ్బరు త్వరగా పాడగుననియు గుర్తుంచుకొనవలెను.

మూడవ మార్గమున నడుమ నేమియు లేదు. మోటారు ఇరుసే పళ్లెము ఇరుసు. జపాను దేశపు మత్సుషితవారు టెక్నిక్స్ పేర ఎస్.పి.-10 అను యంత్రమును 1970 ప్రాంతమున విక్రయమునకు దెచ్చిరి. దీనికి డైరెక్టు డ్రైవు అని పేరు. మోటారు 33⅓ చుట్లే తిరుగును గనుక దాని కదలిక చెవి కందనంత మెల్లనిది. చక్రముగాని బెల్టుగాని లేదు గనుక అఱిగిపోవునదియు లేదు. కాని యింత మెల్లగా దిరుగు మోటారు ఒక్కొక్క ధ్రువము దాటునప్పుడు నెట్టునట్లు నడచుట సహజము. దానిని సవరించుటకు వేగమును కొలిచి, హెచ్చుతగ్గులను క్షణక్షణము దిద్దు ఎలక్ట్రానిక్ సాధనము కావలెను. అదియే నేటి గవర్నరు. టెక్నిక్స్‌వారి ఎస్.ఎల్.-1200 యంత్రము 1972లో వచ్చినది. 1979లో దాని రెండవరూపమున చేతిగడియారములలో నుండు క్వార్ట్జు స్ఫటికము వంటి దానితో వేగమును సరిచూచు నేర్పాటు చేర్చిరి. బెల్టును మెచ్చువారు ఈ దిద్దుబాటుచే పాట బిగిసినట్లుండు నందురు. మంచి డైరెక్టు డ్రైవు యంత్రమున చెవికి దెలియునంతటి వణుకు మిగిలియుండదని మేము తలచెదము. ఇంటిలో నెమ్మదిగా లాంగ్‌ప్లే వినువారికి మంచి బెల్టు యంత్రము చాలును. పలువురు చేయిపెట్టు పాఠశాలకు డైరెక్టు డ్రైవు మేలు. ఏ జాతిదైనను, తేలికైన ప్లాస్టికు పళ్లెముగల చవుకపెట్టెకంటె బాగుగ పోషింపబడిన పాత యంత్రము నయము.

అమెరికాలోని బంధువులు పంపిన యంత్రముల విషయమై యొక హెచ్చరిక. అచ్చటి కరెంటు 110 వోల్టులని యెఱిగి ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలింతురు, వోల్టేజి సరిపడును. కాని అచ్చట కరెంటు సెకనునకు 60 సారులు, ఇచ్చట 50 సారులు. ఆ లెక్కను ట్రాన్స్‌ఫార్మరు మార్చలేదు. పాత సింక్రొనస్ మోటారైనచో వేగము ఆఱింట ఐదువంతు లగును: 33⅓ చుట్లకు బదులు 28 చుట్లైనను తిరుగదు. సంగీతపు లెక్కలో 6:5 అనునది సాధారణ గాంధారమునకు షడ్జమమునకు గల నిష్పత్తి. కావున గాయకుడు గాంధారమును పలికినచోట మనకు షడ్జమము వినబడును! మోటారు ఇరుసునకు దగిలించు చిన్న కప్పీని ఆఱింట ఐదువంతులకు తగినట్లు పెద్దదిగా, అనగా వ్యాసము 1.2 రెట్లుగా, మార్చుట దీనికి మందు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత రికార్డు నట్టి యంత్రముపై వినిన, కంఠము గుర్తుపట్టరానంత లోతునకు దిగిపోవును.

ఊగుడు వినబడిన ప్రతిసారియు మోటారును దూషింపరాదు. ప్లేటు నడిమిరంధ్రము అరమిల్లిమీటరు ప్రక్కకు దప్పినను, కేంద్రమునకు 10 సెంటీమీటర్ల దూరమున నున్న గాడివద్ద వేగము నూటికి అరవంతు హెచ్చుచు తగ్గుచు నుండును. ప్లేటు తిరిగిన ప్రతిచుట్టునకు ఒక్కసారి యూగినచో దోషము రంధ్రముదో, వంగిన ప్లేటుదో యగును. వేఱొక ప్లేటు వేసి చూచిన తేలిపోవును.

వేగమును కొలుచుటకు పిల్లలే యొక సాధనము చేసికొనవచ్చును. అట్టను గుండ్రముగ గత్తిరించి, అంచున కోణమానినితో రెండేసి డిగ్రీల కొక నల్లగీత చొప్పున 180 గీతలు గీయవలెను. ఇది 33⅓ చుట్లకు. 78 చుట్ల ప్లేట్లకు 77 గీతలు కావలెను. దీనిని పళ్లెముమీద నుంచి, కరెంటుతో వెలుగు చిన్న నియాన్ దీపముక్రింద గాని, పాతకాలపు చోకుగల ట్యూబులైటు క్రింద గాని త్రిప్పవలెను. ఆ దీపములు సెకనునకు నూఱుమార్లు, నిమిషమునకు 6000 మార్లు మెఱయును. వేగము సరిగా నున్నచో గీతలు కదలక నిలిచినట్లు కనబడును. ప్లేటు తిరుగుదిక్కునకు జరిగిన వేగము హెచ్చు, ఎదురుదిక్కునకు జరిగిన తక్కువ. నిమిషములో 60 గీతలు జరిగిన నూటికి ఒకటి తప్పు. నేటి ఎల్.ఇ.డి. దీపము లనేకము లిట్లు మెఱయవు గనుక పనికిరావు. అట్టి యిండ్లలో పళ్లెపు అంచున కాగితపుముక్క నంటించి, గడియారముతో మూడు నిమిషములలో 100 చుట్లు వచ్చునేమో లెక్కింపవచ్చును.

ఏ రీతిని కొలిచినను ముల్లును పైకెత్తి కొలువరాదు. అది ప్లేటుపై దిగి పాడుచున్నప్పుడే కొలువవలెను. అందును పాట గట్టిగా నున్న తావున నొకసారి, మెల్లగా నున్న తావున నొకసారి. బరువైన సౌండుబాక్సుగల పాతయంత్రములలో గట్టిపాటయందు ముల్లు గాడిని గట్టిగ నీడ్చును గనుక, ఆ రెండుతావుల లెక్కలకు గల భేదమే మోటారు బలమెంతయో చూపును.